ఇంట గట్టిన స్వరయంత్రము: దాని లోపమును వెదకు విధము



సింథసైజరు అను వాద్యయంత్రమునకు కలిగిన యొక లోపమును గూర్చియు, దానిని కనుగొనిన మార్గమును గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని. పల్లెటూరి పెద్దలకు ఈ యంత్రముతో పని యేమి అని మీరడుగవచ్చును. బావికడ మోటారు మూలుగుచు తిరుగక నిలిచినప్పుడు, టెస్టరు దీపము మాత్రము చక్కగా వెలుగుచున్నప్పుడు, మీలో అనేకులు ఇదే లోపమును వేరొక వేషములో చూచియున్నారు. కావున ఈ మాటలు సంగీతము తెలిసినవారికి మాత్రమే యని యెంచవలదు.

సింథసైజరనగా తీగ గాని, తోలు గాని, గాలితిత్తి గాని లేక, విద్యుత్తు యొక్క కంపనముచేతనే స్వరమును పుట్టించు వాద్యము. దానిలో రెండు పనులు వేరువేరుగా జరుగును. ఒక భాగము ధ్వనిని పుట్టించును. మరియొక భాగము "ఇంత యెత్తున పలుకుము" అని దానికి ఆజ్ఞ యిచ్చును. ఆ ఆజ్ఞ పోవునది వోల్టేజి రూపమున. దానిని వెలుపలికి పంపు ద్వారమునకు కంట్రోలు అవుట్‌పుట్ అని పేరు. ఈ ప్రసంగమున దానిని ఆజ్ఞాద్వారమని పిలిచెదను.

ఆజ్ఞకు ఒక కొలత యేర్పడియున్నది. ఒక్క వోల్టు పెరిగినచో స్వరము ఒక స్థాయి పెరుగవలయును. స్థాయికి పండ్రెండు స్వరస్థానములు గదా. అందుచేత ఒక్కొక్క స్వరస్థానమునకు వోల్టులో పండ్రెండవ వంతు, అనగా సుమారు 0.083 వోల్టు వచ్చును. మధ్యస్థాయి షడ్జమము సెకనుకు 240 కంపనములైనచో తారస్థాయి షడ్జమము 480, ఆపై షడ్జమము 960. కంపనములు రెట్టింపుగా పెరుగుచుండగా వోల్టులు ఒక్కటొక్కటిగా కూడుచుండును. కూడికను రెట్టింపుగా మార్చు పని ధ్వనిని పుట్టించు భాగమే చేసికొనును.

వోల్టేజిచే స్వరమును నడిపించు నీ పద్ధతికి రూపమిచ్చినవారిలో ముఖ్యుడు అమెరికావాడగు రాబర్టు మూగ్. ఆయన తన యంత్రమును 1964లో వెలువరించెను. మన దేశమునకును ఆ యంత్రము త్వరలోనే వచ్చినది. 1969లో డేవిడ్ ట్యూడర్ అను సంగీతకారుడు అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో దానిని నెలకొల్పగా, గీతా సారాభాయి మొదలగువారు దానిపై పనిచేసిరి. 1983లో మిడి అను అంకెల భాష వచ్చిన తరువాత పెక్కు వాద్యములు వోల్టేజిని విడిచి ఆ భాషనే పట్టుకొనినవి. ఐనను ఇంట వాద్యములు కట్టుకొనువారు వోల్టేజి పద్ధతిని విడువలేదు. చవకైన మీటరొక్కటి యున్నచో ఆ ఆజ్ఞను కంటితో చదువవచ్చును గదా.

ఇచ్చట ఒక మాట చెప్పక పోజాలను. హార్మోనియము మెట్లు పండ్రెండింటికి నడుమ నిలువలేవు, గమకము పలుకలేవు అను కారణమున 1940లో ఆకాశవాణి ఆ వాద్యమును నిషేధించినది. ఆ నిషేధము సడలినది 1971లో. వోల్టేజికి ఆ కొదువ లేదు. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు అది మెల్లగా జారగలదు, నడుమ ఎక్కడనైనను నిలువగలదు. వైణికుని వ్రేలితో దానిని పోల్చుట సాహసమే. ఐనను హార్మోనియము చేయలేని పని కొంత అది చేయుననుట నిజము.

ఇక నేను కట్టుకొనిన యంత్రమును గూర్చి. అది రెండు పెట్టెలు. మొదటి పెట్టెకు 37 మెట్లు కలవు, అనగా మూడు స్థాయిలును, పైన నొక్క మెట్టును. మెట్ల క్రింద నూరేసి ఓముల నిరోధకములు 36 వరుసగా అతికియున్నవి. బజారులో వీనిని రెసిస్టరులందురు. ఆ వరుస కొసలకు 3 వోల్టులు కట్టితిని. దిగుడుబావి మెట్లన్నియు ఒకే యెత్తున నున్నట్లు ఒక్కొక్క నిరోధకముపై 0.083 వోల్టు పడును. వ్రేలు ఏ మెట్టును నొక్కునో ఆ మట్టము లోపలికి పోయి ఒక చిన్న కండెన్సరులో నిలువయుండును. వ్రేలు తీసిన తరువాతను స్వరము నిలుచుట అందుచేతనే. కండెన్సరులోని కొద్దిపాటి నిలువను నేరుగా వాడుకొనినచో అది క్షణములో ఖర్చగును. కాబట్టి దాని ముందర ఆప్-ఆంప్ అను చిప్పు నుంచవలయును. పూర్వము పట్వారి అసలు పహాణీని ఎవరిచేతికి నీయక నకలు వ్రాసి యిచ్చినట్లు, ఆ చిప్పు నిలువను తాకకయే అంతటి వోల్టేజినే తన బలముతో వెలుపలికిచ్చును. ఆ నకలు రెండు త్రోవల పోవును. ఒకటి మొదటి పెట్టె సొంత గొంతునకు. రెండవది వెయ్యి ఓముల నిరోధకమొక్కటి దాటి ఆజ్ఞాద్వారమునకు, అచ్చటినుండి తీగగుండ రెండవ పెట్టెకు.

రెండవ పెట్టెను ఒక స్థాయి క్రింద పలుకునట్లు అమర్చితిని. మా భజన గుంపునకు పెద్దయైన వృద్ధుని కంఠము వయస్సుచే దిగిపోయినది. పడుచువారి శ్రుతికి ఆయన ఎక్కలేడు. క్రిందిస్థాయిలో అదే వరుసను వినిపించు తోడొకటి యున్నప్పుడు ఆయన నిబ్బరముగా పాడును. ఆ పెట్టె చెడిన పిమ్మట రెండు శనివారములు ఆయన తాళము మాత్రమే వేసి ఊరకుండెను. మూడవ వారమున నన్ను పిలిచి, "బిడ్డా, నీ పెట్టె సగం మెట్లెక్కి ఆగిపోతున్నది గదా" అనెను.

అంతకంటె చక్కగా ఆ లోపమును ఎవరును వర్ణింపలేరు. మొదటి పెట్టెపై షడ్జమమునుండి పై షడ్జమమునకు పోయినచో రెండవ పెట్టె శుద్ధమధ్యమమునకు కొంచెము క్రిందనే నిలిచిపోవుచుండెను. పంచమమును నొక్కినచో సాధారణ గాంధారమైనను సరిగా అందకుండెను. పాట వరుస యంతయు నున్నది, కాని నానిన కాగితము ఆరి ముడుచుకొనినట్లు కుంచించుకొనిపోయినది. పట్టణమున మరమ్మతు చేయు నొకనికి చూపగా, బోర్డు మొత్తమును మార్చవలయునని చెప్పి, కొన్ని వేల రూపాయలు అడిగెను. తప్పు ఎచ్చట నున్నదని నేనడుగగా, "లోపల" అని బదులిచ్చెను.

లోపల ననుట నిజమే. కాని లోపల ఎచ్చట? నిజాంసాగరు కాలువక్రింద సేద్యము చేయువారికి ఈ వెదకులాట నేర్పనక్కరలేదు. మంజీరపై ఆ కట్టను 1923లో మొదలిడి 1931లో ముగించిరి. ఆ నీటితో వరి పండించు ఊళ్లు మా బాన్సువాడ చుట్టుపట్ల అనేకము కలవు. పిల్లకాలువ చివరి మడికి నీరందనప్పుడు పని తెలిసిన నీరటికాడు మొదటి తూమునుండి ప్రతి గజమును త్రవ్వుకొనుచు రాడు. నేరుగా నడిమి తూము కడకు పోయి చూచును. అచ్చట నీరు నిండుగా నున్నచో పైసగమున తప్పు లేదు. లేనిచో క్రిందిసగమును వెదకనక్కరలేదు. మిగిలిన సగమునకు మరల నడుమ ఎచ్చటనో చూచును. నాలుగుసార్లు చూచునప్పటికి పదునారు పాళ్లలో నొక్క పాలు మాత్రమే మిగులును.

నా యంత్రమున నడిమి తూము మొదటి పెట్టె సొంత గొంతే. అది మూడు స్థాయిలును తప్పులేక పలుకుచున్నది. కావున మెట్లు, 36 నిరోధకములు, కండెన్సరు, నకలునిచ్చు చిప్పు, ఇవన్నియు నిర్దోషులు. ఒక్క స్క్రూ విప్పకయే యంత్రములో పెద్దసగము విచారణనుండి తొలగిపోయినది. మార్చుమనిన బోర్డులో ముఖ్యభాగములన్నియు ఆ సగములోనివే యని గమనింపుడు.

మిగిలినవి వెయ్యి ఓముల నిరోధకము, సాకెట్టు, తీగ, రెండవ పెట్టె. తీగకు బదులు వేరొక తీగను పెట్టితిని, లోపమట్లే యుండెను. రెండవ పెట్టెను పరీక్షించుటకు టార్చిలైటులోని సెల్లొక్కటి చాలును. క్రొత్త సెల్లు 1.5 వోల్టునకు కొంచెము పైగా నిచ్చును. దానిని ఆ పెట్టె ద్వారమునకు తాకించినచో స్వరము ఒకటిన్నర స్థాయి, అనగా 18 స్వరస్థానములు, లేక అంతకు ఒకటి యెక్కువగా లేవవలయును. లేచినది. రెండవ పెట్టెకును తప్పు లేదు. లోపము ఆజ్ఞాద్వారముననే యని తేలినది.

ఇప్పుడు మల్టీమీటరు తీసికొని, రెండు స్థాయిల మీది మెట్టును నొక్కి, తీగ తగిలింపని సాకెట్టు నొద్ద కొలిచితిని. అచ్చట 2 వోల్టులుండవలయును. మీటరు 1.97 చూపెను. తొందరపడువాడు ఇచ్చట మీటరును ప్రక్కన బెట్టి, "ద్వారము బాగుగనే యున్నది, తప్పు వేరొకచోట" అని తిరిగి మొదటికి పోవును. వెలితి మూడు వందవవంతులే గదా! కాని ఆ 0.03 వోల్టు స్వరస్థానములో మూడవవంతునకు మించినది, చెవికి తెలియునంతటిది. అంతకంటె ముఖ్యము, అది లోపలి చిప్పు కడ లేదు. చిప్పు కాలిపై మీటరు ముల్లు మోపగా సరిగా 2.00 కనబడెను. ఆపై తీగను తగిలించి, రెండవ పెట్టె పనిచేయుచుండగా, ప్లగ్గు మూత విప్పి మరల కొలిచితిని. ఈ సారి 0.80. రెండు వోల్టులలో అయిదింట రెండుపాళ్లు.

ఒకే చోట, ఒకే మెట్టుపై, ఒకప్పుడు 1.97, ఒకప్పుడు 0.80. మీటరు రెండుసార్లును నిజమే చెప్పినది. దీనికి మరల కాలువకే పోవుదము. కాలువలో ఒకచోట పూడిక పడి, నీరు సన్నని సందుగుండ మాత్రమే పోవుచున్నదనుకొనుడు. క్రింది తూములన్నియు మూసియున్నచో నీరు మెల్లమెల్లగా ఆ సందును దాటి, కొంతసేపటికి పూడికకు ఇటునటు ఒకే మట్టమున నిలుచును. ఆ వేళ వచ్చి చూచినవాడు కాలువ నిండుగా నున్నదని వ్రాసికొనిపోవును. రైతులు తూములు తెరచి మడులకు నీరు పెట్టుకొనగనే పూడిక క్రింది మట్టము జారిపోవును. పూడిక అప్పుడు కలిగినది కాదు. నీరు పారునంతవరకు అది కనబడలేదు, అంతే.

లెక్కయు చూడుడు. మంచి మీటరు తనలోపల కోటి ఓముల అడ్డు గలది. అది సాకెట్టు నొద్ద విద్యుత్తును దాదాపు త్రాగదు, తూములన్నియు మూసినట్లే. రెండవ పెట్టె ద్వారము లక్ష ఓములది. మీటరుకంటె అది నూరింతలు త్రాగును. త్రోవలో వెయ్యి ఓములే యున్నచో లక్షలో వెయ్యి యనగా నూటికి ఒక్కటి పోవును. దానిని మొదటనే సరిచేసియుంచితిని. కాని త్రోవలో లక్షన్నర ఓములు చేరినచో? మొత్తము రెండున్నర లక్షలలో రెండవ పెట్టెకు దక్కునది లక్ష, అనగా అయిదింట రెండు. అదే 0.80. షడ్జమమునుండి షడ్జమమునకు పండ్రెండు స్థానములు ఎక్కవలసిన స్వరము ఇంచుమించు అయిదు స్థానములే యెక్కుటకును ఇదే కారణము. కోటి యోముల మీటరునకు మాత్రము లక్షన్నర యొక లెక్క కాదు. నూటికి ఒకటిన్నర తగ్గించి 1.97 అని చూపినది.

ఇంతవరకు వచ్చిన పిమ్మట లోపలికి చూడకముందే తప్పు పరిమాణము తెలిసినది. విద్యుత్తు నాపి, వెయ్యి ఓముల నిరోధకము కాలొక్కటి టంకమునుండి విడదీసి కొలిచితిని. ఒంటిపై గోధుమ, నలుపు, ఎరుపు పట్టెలు వెయ్యి యనియే చెప్పుచున్నవి. మీటరు లక్షన్నర చూపెను. పింగాణి కడ్డీపై పలుచని బొగ్గుపొర పూసి, దానిమీద రంగుపూత పూయుదురు. ఆ రంగుపూత ఒక కొసన చిట్లియున్నది. ప్లగ్గు పెట్టి తీసినప్పుడెల్ల సాకెట్టు కదలును. దానికంటియున్న నిరోధకము కాలును కదలును. పూత చిట్లినచోట వానకాలపు తేమ చేరినచో బొగ్గుపొర క్రమముగా తినివేయబడును. పొర సన్నగిలిన కొలది అడ్డు పెరుగును. ఒక్కసారి తెగిపోయినచో లోపము సులభముగా దొరకును. సగము తెగి సగము నిలిచినదే చిక్కు పెట్టును.

ఇంత తగవు తెచ్చు నిరోధకము ఆ చోట ఎందులకని అడుగువారు కలరు. ప్లగ్గు సాకెట్టులోనికి జారునప్పుడు దాని కొన ఒక్క క్షణము భూతీగకు తాకవచ్చును. అప్పుడు చిప్పు తన బలమంతయు పారబోయకుండ ఈ వెయ్యి ఓములే అడ్డుపడును. పది వోల్టులు వచ్చినను పది మిల్లీ ఆంపియరులకు మించి పోనీయదు. పొడవైన తీగ తగిలించినప్పుడు చిప్పు తనంతట తాను కంపించి కూయకుండ కాపాడునదియు అదియే. కాబట్టి దానిని తీసివేసి తీగతో కలిపివేయుట మందు కాదు. ఒక్క శాతము లోపల సరియైన లోహపుపొర నిరోధకమును, అంతే విలువగలదానిని, వేసితిని. బజారులో దాని వెల రూపాయి, రెండు రూపాయలకు మించదు. సాకెట్టునుండి దానిని విడదీసి బోర్డుపై నాటి, నడుమ మెత్తని తీగ నుంచితిని. తరువాత మొదటి మెట్టు, పదుమూడవది, ఇరువదియైదవది, ముప్పదియేడవది వరుసగా నొక్కి, రెండవ పెట్టె పని చేయుచుండగానే, 0, 1, 2, 3 వోల్టులకు నూటికి ఒక్క పాలు తక్కువగా వచ్చుట చూచుకొంటిని. శనివారము రాత్రి పెద్దాయన తాళములు ప్రక్కవాని చేతికిచ్చి పాడెను.

ఆజ్ఞాద్వారము చెడు రీతులు మరికొన్ని కలవు. ద్వారమున ఎల్లప్పుడు పది వోల్టులకు పైన నిలిచి, ఏ మెట్టునకును కదలకున్నచో చిప్పు చచ్చినదని శంకింపవలయును. ఒక మెట్టునకు క్రిందివన్నియు అడుగుస్వరమునే, పైవన్నియు కొసస్వరమునే పలికినచో ఆ రెంటి నడుమ నిరోధకము తెగినది. వ్రేలు తీసిన పిమ్మట స్వరము మెల్లగా జారిపోవుచున్నచో కండెన్సరు గాని, దాని చుట్టు బోర్డుపై చేరిన తేమయు మురికియు గాని నిలువను కారిపోనిచ్చుచున్నవి. వానకాలమున ఇది తరచు కలుగును. స్పిరిటుతో తుడిచి ఆరబెట్టినచో చాలసార్లు పోవును.

ఇప్పుడు మోటారు మాట. స్టార్టరులోని కాంటాక్టు నల్లబడి గాని, ఫ్యూజు కడ బిగింపు వదులై గాని ఒక ఫేజు త్రోవలో అడ్డు పెరిగినదనుకొనుడు. టెస్టరు తాకించినచో దీపము వెలుగును. మూడు ఫేజులును ఉన్నవని అందరును అందురు. స్టార్టరు నొక్కగనే మోటారు మూలుగును, తిరుగదు. అట్లే ఉంచినచో చుట్ట కాలును. టెస్టరు దీపము లాగు విద్యుత్తు ఒక మిల్లీ ఆంపియరులో సగము కూడ నుండదు. అయిదు హెచ్.పి. మోటారు పూర్తిబరువుపై ఏడు ఆంపియరుల చుట్టుపట్ల లాగును. టెస్టరు మూసిన తూమున మట్టము చూచునట్టిది. మోటారు తూము తెరచునది. అందుచేతనే తెలిసిన లైన్‌మన్ టెస్టరుతో తృప్తిపడక, 100 వాట్ల బల్బును ఒక్కొక్క ఫేజునకు తగిలించి చూచును. అది 0.43 ఆంపియరు లాగును గావున టెస్టరునకు దొరకని చెడు అతుకులు పెక్కు దానికి దొరకును. మోటారంతటి బరువు అదియు కాదు. కొద్దిపాటి అడ్డు దానికిని దొరకకపోవచ్చును. ఆ బల్బు లోపల తంతువు గల పాతరకముదై యుండవలయును. ఎల్.ఇ.డి. బల్బు కొద్ది విద్యుత్తుతోనే వెలుగును గనుక ఈ పనికి రాదు. ఈ పరీక్ష కరెంటు ఉండగా చేయునది, లైన్‌మన్ చేతిది. మీరు చేయదగినది మోటారు మూలుగు వినబడగనే స్టార్టరు నాపి, ఆయన వచ్చునప్పటికి ఏ ఫేజు కడ, ఏ అతుకు నొద్ద వేడి, నలుపు, మాడిన వాసన కనబడినవో దూరమునుండి చూచి చెప్పుట.